మైహర్ మాస్టారు: విద్య ఎవరి సొత్తు?

"సంగీతం నెత్తురులో వుండాలిగాని నేర్చుకుంటే వచ్చేది కాదు" అనే మాట మనదేశంలో చాలా పాతది. పాతది కాబట్టి నిజమేనని నమ్మేవాళ్లు ఈనాటికీ తక్కువేమీ కాదు. పిల్లలకు చదువు చెప్పే వృత్తిలో వున్న మనం ఈ మాటను ఏదో ఒక రూపంలో రోజూ వింటూనే వున్నాం. "వీడి ఇంటావంటా చదువు లేదు, వీడికేం వస్తుంది" అని తీర్పు చెప్పే ఉపాధ్యాయుడూ, "వాళ్ల వంశంలోనే వుందండీ సంగీతం" అని మెచ్చుకునే రసికుడూ ఒకే సిద్ధాంతాన్ని చెరొక కొసా పట్టుకుని లాగుతున్నవాళ్లు. ప్రతిభ పుట్టుకతో వస్తుందనీ, పుట్టుక కొందరికే సరైనచోట జరుగుతుందనీ ఆ సిద్ధాంతం. కులవ్యవస్థకు పునాది రాయి అదే.

ఈ సిద్ధాంతాన్ని వాదనతో ఖండించినవాళ్లు చాలామంది వున్నారు. పనిచేసి ఖండించినవాళ్లు అరుదు. అలాటి అరుదైనవారిలో ఒకరు మైహర్ అనే చిన్న పట్నంలో సంగీతం నేర్పుతూ అర్ధశతాబ్దానికి పైగా గడిపిన ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్. రవిశంకర్ గురువుగా లోకం ఆయన్ను ఎరుగును. కాని ఆయన జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం రవిశంకర్ మైహర్ చేరడానికి ఇరవై ఏళ్లకు ముందే జరిగిందని నా అభిప్రాయం. ఆ ఘట్టంలో పాత్రధారుల పేర్లు మనకు తెలియవు. తెలియకపోవడానికి కారణాలున్నాయి. ఆ కారణాలను వెదకడం కూడా ఈ వ్యాసం పని.

విద్య ఆస్తి అయిన విధం

తెలుగులో 'ఘరానా' అంటే దర్జా అనే అర్థం స్థిరపడింది. హిందూస్థానీ సంగీతంలో ఆ మాటకు అసలు అర్థం ఇల్లు, వంశం. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క బాణీ, కొన్ని రాగాలు, కొన్ని రచనలు. వాటిని తండ్రి కొడుక్కి చెబుతాడు, మేనమామ మేనల్లుడికి చెబుతాడు; పరాయివాడి చెవిన పడనివ్వడు. కూతురి పెళ్లిలో అల్లుడికి కట్నంగా కొన్ని రచనలు ఇచ్చారనే కథలు కూడా ఆ వృత్తిలో ప్రచారంలో వున్నాయి. భూమిని ఇచ్చినట్టే పాటను ఇచ్చారన్నమాట.

దీన్ని ఉస్తాదుల సంకుచితత్వమని తిట్టిపోసి వూరుకునేవాళ్లున్నారు. అది చారిత్రక దృష్టి కాదు. రైతుకు పొలం వుంది, సాలెవానికి మగ్గం వుంది. గాయకుడికి తన గొంతులో, చేతివేళ్లలో వున్న విద్య తప్ప వేరే ఆస్తి లేదు. అది నలుగురి పాలైననాడు అతని కొలువు పోతుంది, కొలువు పోతే కూడు పోతుంది. పైగా 1856లో ఇంగ్లీషువాళ్లు అవధ్‌ను కలుపుకోవడంతో లక్నో దర్బారు ముగిసింది. 1857 తిరుగుబాటును అణచిన తర్వాత ఢిల్లీ దర్బారు అంతరించింది. అక్కడి సంగీత విద్వాంసులు రాంపూర్, గ్వాలియర్ మొదలైన సంస్థానాల్లో తలదాచుకున్నారు. కొలువులు కొన్ని, విద్వాంసులు ఎందరో. విద్యను దాచిపెట్టే అలవాటు ఈ పరిస్థితుల్లో మరింత బిగుసుకుపోయింది. భూస్వామ్య పోషణ మీద బతికే కళకు సామ్రాజ్యవాదం తెచ్చిపెట్టిన కరువు అది.

ఈ గోడలను బద్దలుకొట్టడానికి ప్రయత్నించినవారు లేకపోలేదు. విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించారు. భాత్‌ఖండే ఊరూరా తిరిగి రచనలు సేకరించి, స్వరపరచి, అచ్చువేశారు. వారి కృషి గొప్పదే. ఐతే ఆ విద్యాలయాల వల్ల లాభం పొందినవారు ఎక్కువగా పట్టణాల్లోని మధ్యతరగతి హిందూ కుటుంబాలవాళ్లన్నది కూడా నిజమే. రోడ్డుమీది పిల్లవాడిదాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

గడప గడపకూ

అల్లావుద్దీన్ తూర్పు బెంగాల్‌లో, ఆనాటి తిప్పెరా జిల్లా బ్రాహ్మణబారియా ప్రాంతంలోని శివ్‌పూర్ గ్రామంలో పుట్టారు. పుట్టిన సంవత్సరం 1862 అని కొందరూ, 1881 అని కొందరూ రాశారు. పల్లెటూరి ఇంట్లో పుట్టిన బిడ్డకు తేదీ రాసిపెట్టేవాళ్లుండరు. రాజకుమారుల జాతకాలు ఘడియలు విఘడియలతోసహా మనకు దొరుకుతాయిగదా! ఈ తేడాకూడా చరిత్రే.

చిన్నతనంలోనే ఆయన ఇల్లు విడిచి పారిపోయి జాత్రా నాటకబృందంలో కలిశారు. జాత్రా అంటే మన వీధినాటకం లాంటిది. తర్వాత కలకత్తా చేరారు. అన్నసత్రంలో పెట్టిన ముద్ద తిని, గంగనీళ్లు తాగి, అరుగులమీద పడుకున్నారు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ల కథలు మన తెలుగుదేశంలో అనేకం. విజయనగరంలో మధూకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్న ఘంటసాల కథ మనందరికీ తెలుసు. కలకత్తా వీధుల్లో ఈ పిల్లవాడి కథ దానికి అన్నగారి కథ.

నూలో గోపాల్ అనే గాయకుడు ఆయన్ను శిష్యుడుగా స్వీకరించాడు. పన్నెండేళ్లు స్వరసాధన చెయ్యాలని నియమం. ఏడేళ్లు గడిచేసరికి గురువు ప్లేగు వాతపడి చనిపోయాడు. ఇక పాడనని నిశ్చయించుకుని అల్లావుద్దీన్ వాద్యాలవైపు తిరిగారు. వివేకానందుని బంధువూ, రంగస్థల వాద్యబృందానికి నాయకుడూ అయిన అమృతలాల్ దత్తు దగ్గర కొన్ని వాద్యాలు నేర్చారు. గోవానుంచి వచ్చిన లోబో అనే బ్యాండుమాస్టరు దగ్గర పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చారు. ముక్తాగాఛా జమీందారు ఇంట్లో అహ్మద్ అలీఖాన్ సరోద్ విని, ఆయనకు శిష్యుడై కొన్నేళ్లు ఆయన్ను కనిపెట్టుకున్నారు. చిట్టచివరకు రాంపూర్ చేరారు. అక్కడ నవాబుగారి ఆస్థానంలో తాన్‌సేన్ వంశీకుడైన వజీర్‌ఖాన్ వున్నాడు. ఆ ఇంటి గడప దాటనివ్వక కావలివాళ్లు గెంటేస్తే, విసిగిపోయి నవాబు బండికి అడ్డంపడ్డారని చెబుతారు. శిష్యుడుగా గండకట్టిన తర్వాత కూడా వజీర్‌ఖాన్ ఏళ్లతరబడి చెప్పవలసింది చెప్పలేదనీ, ఇంట్లో దుఃఖం సంభవించిన తర్వాతనే మనసు కరిగి చెప్పాడనీ అంటారు. ఇందులో కథ ఎంత, నిజం ఎంత అన్నది అలా వుంచుదాం. ఒక మాట మాత్రం నిర్వివాదం. విద్యకోసం గడపగడపకూ తిరిగి కాదనిపించుకున్న మనిషి ఈయన.

అవమానాలు పడి పైకివచ్చినవాడు రెండు రకాలుగా తయారౌతాడు. "నేను పడ్డ కష్టం వీళ్లూ పడాలి" అనేవాడొకడు. "నేను పడ్డ కష్టం వీళ్లకెందుకు" అనేవాడొకడు. అల్లావుద్దీన్‌లో ఈ ఇద్దరూ వున్నారు. ఆయన్ను అర్థం చేసుకోవడంలో వున్న చిక్కంతా అదే.

1918

సత్నా, కట్నీల మధ్య రైలుదారిలో వున్న వూరు మైహర్. ఇప్పుడది మధ్యప్రదేశ్‌లో వుంది. ఆనాడు చిన్న సంస్థానం. రాజు బ్రిజ్‌నాథ్ సింగ్‌కు సంగీతం మీద ఆసక్తి. 1918 ప్రాంతంలో అల్లావుద్దీన్ ఆయనకు గురువుగా, ఆస్థాన విద్వాంసుడుగా వచ్చారు.

అది ఎలాంటి సంవత్సరమో జ్ఞాపకం చేసుకోవాలి. ప్రపంచయుద్ధం నాలుగేళ్లుగా మనదేశంనుంచి మనుషుల్నీ, డబ్బునీ, సరుకునీ పీల్చింది. ఆ ఏడు వానలు లేవు. తిండిగింజల ధరలు పేదవాడికి అందకుండా పోయాయి. బక్కచిక్కిన శరీరాల మీద ఇన్‌ఫ్లుయెంజా వచ్చిపడింది. దేశంలో కోటిమందికి పైగా చనిపోయారు. మధ్యపరగణాలు ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. జబ్బు దేవుడు పంపాడని ఎవరైనా అనవచ్చు. ఆ జబ్బుకు తట్టుకోలేని ఆకలిని మాత్రం మనుషులే పంపారు.

మైహర్‌లో తల్లిదండ్రులు పోయిన పిల్లలు వీధుల్లో మిగిలారు. అల్లావుద్దీన్ ఆ పిల్లలను చేరదీసి, రాజు సహాయంతో తిండీ బట్టా ఏర్పాటుచేసి, వాద్యాలు నేర్పడం ప్రారంభించారు. మైహర్ బ్యాండ్ పుట్టుక అది.

ఆ పిల్లల్ని ఆయన స్వరజ్ఞానం చూసి ఏరుకోలేదు. వాళ్లు ఏ ఘరానాకూ చెందరు. అసలు వాళ్లకు ఇల్లే లేదు. తాన్‌సేన్ ఇంటి విద్యను, గడప దాటనివ్వని విద్యను, గడపే లేనివాళ్లకు పంచిపెట్టడం అక్కడ జరిగింది. పిల్లలు చెవితో విని, నోటితో పలికి, చేతితో వాయించి వందలాది రచనలు కంఠస్థం చేశారు. ఎదుట కాగితం పెట్టుకోకుండా అందరూ ఒక్కసారి వాయించేవాళ్లు. ఆ వాద్యబృందంలో సితార్, సరోద్, ఇస్రాజ్, తబలాలతోపాటు వయొలిన్, చెల్లో, హార్మోనియం, పియానో వుండేవి. జాత్రా బృందంలో విన్నదీ, కలకత్తా రంగస్థలంలో నేర్చిందీ, గోవా బ్యాండుమాస్టరు చెప్పిందీ, రాంపూర్‌లో సాధించిందీ అన్నీ అక్కడ కలిశాయి.

చాలనివాటిని ఆయనే తయారుచేశారు. సంస్థానం ఆయుధశాలలో పడివున్న తుపాకీ గొట్టాలను వేరువేరు పొడవుల్లో కోయించి, వరసగా పేర్చి, పుల్లలతో వాయించే వాద్యంగా మార్చారు. దానికి నళతరంగ్ అని పేరు. మైహర్‌లో దాన్ని ఈనాటికీ వాయిస్తున్నారు.

ఒక విషయం గమనార్హం. మన శాస్త్రీయసంగీతం ప్రధానంగా ఒంటిమనిషి కళ. విద్వాంసుడు మధ్యన, మిగతావారు పక్కన. బృందంలో అలా కుదరదు. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినకపోతే తాను వాయించేది చెడుతుంది. అనాథ పిల్లలకు రాగంతోపాటు ఆయన నేర్పిన రెండో పాఠం అది. ఆ పాఠానికి సాముదాయిక జీవనం అని పేరుపెట్టాలని ఆయనకు తోచివుండదు. పేరు పెట్టకపోయినంతమాత్రాన అది పాఠం కాకపోదు.

అదే కాలంలో, 1919లో, మన విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన సంగీత కళాశాల ప్రారంభమయింది. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరారు. అక్కడా రాజే పోషకుడు, ఇక్కడా రాజే పోషకుడు. భూస్వామ్యం కాలంచేస్తున్న దశలో దాని ఖజానానుంచే ప్రజలకు పనికివచ్చే విద్యాలయాలు వెలిశాయి. రాజుల ఔదార్యాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. ఆ ఖజానా రైతు కట్టిన శిస్తు. శిస్తులో కొంతభాగమైనా రైతుబిడ్డల దగ్గరకు తిరిగివచ్చేట్టు చేసిన ఉపాధ్యాయుల నేర్పును గుర్తించమంటున్నాను.

బెత్తమూ, తంబురా

ఇక రెండో వైపు చూడాలి. మహానుభావుల జీవితచరిత్రలు రాసేటప్పుడు మనవాళ్లకు హారతి పళ్లెం పట్టుకోవడం అలవాటు. విమర్శకుడు పట్టవలసింది దీపం. ఇల్లంతా చూపించే దీపం.

అల్లావుద్దీన్ మహా కోపిష్ఠి. కొడుకు అలీ అక్బర్ ఖాన్ చేత రోజుకు పద్దెనిమిది గంటలదాకా సాధన చేయించేవారు. చెట్టుకు కట్టేసి కొట్టిన రోజులున్నాయి. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. తాను తిన్న దెబ్బల గురించి అలీ అక్బరే చెప్పుకున్నారు. కొడుకు ఒకసారి బొంబాయి పారిపోయాడు. ఇల్లు విడిచి పారిపోయిన తండ్రి కొడుకు కూడా పారిపోయేంత పని చేశారు. గురువంటే దైవమనే భూస్వామ్య భావన ఎంత మంచివాణ్నికూడా ఎంతదూరం తీసుకుపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. "దెబ్బలు తిన్నాడు కాబట్టే అంతవాడయ్యాడు" అనేవాళ్లున్నారు. దెబ్బలకు తాళలేక సంగీతమే మానేసినవాళ్ల లెక్క ఎవరు తీశారు? మన బడుల్లో బెత్తాన్ని సమర్థించేవాళ్ల వాదనకూడా సరిగ్గా ఇదే.

ఆడపిల్లల విషయం మరింత బాధాకరం. పెద్దకూతురు జహనారాకు సంగీతం చెప్పి పెళ్లిచేస్తే, అత్తవారు ఆమె తంబురాను తగలబెట్టారు. ఆ దెబ్బతో, చిన్నకూతురికి సంగీతం చెప్పరాదని ఆయన నిశ్చయించుకున్నారు. లోకం చేసిన తప్పుకు బిడ్డకు శిక్ష! ఆ చిన్నకూతురు 1927లో మైహర్‌లో పుట్టింది. ఇంట్లో పేరు రోషనారా. రాజు పెట్టిన పేరు అన్నపూర్ణ. అన్న సాధన చేస్తుంటే వింటూ వింటూ విద్యను పట్టేసింది. ఒకనాడు తండ్రి బజారుకు పోయినప్పుడు అన్న తప్పు వాయిస్తే దిద్దుతున్నదట. తిరిగివచ్చిన తండ్రి వెనకనుంచి విని, ఆమెను లోపలికి పిలిచి, తంబురా చేతికిచ్చారు. తన నిర్ణయం తప్పని ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల ఆడపిల్ల రుజువుచేస్తే ఒప్పుకోగలిగారు. ఇది చిన్న విషయం కాదు. ఐనా అన్నపూర్ణాదేవి తర్వాత సభల్లో వాయించడం మానేసి, బొంబాయిలో నాలుగు గోడల మధ్య శిష్యులకు చెబుతూ 2018లో కన్నుమూశారు. నిఖిల్ బెనర్జీ, హరిప్రసాద్ చౌరాసియా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. తండ్రి ఇచ్చిన విద్యకు సమాజం సభను ఇవ్వలేదు. ఒక్క మనిషి మంచితనంతో సమాజం మారదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

శిష్యులు, ప్రజలు

1935–36లో ఉదయశంకర్ నాట్యబృందంతో అల్లావుద్దీన్ యూరపు తిరిగివచ్చారు. ఆ పరిచయంతో ఉదయశంకర్ తమ్ముడు రవిశంకర్ 1938లో మైహర్ చేరాడు. ఏడేళ్ల సాధన తర్వాత అతను బొంబాయి వెళ్లి మొదట పనిచేసిన చోటుల్లో ఒకటి 1943లో ఏర్పడిన ప్రజానాట్యసంస్థ, ఇప్టా. 'సారే జహాఁ సే అచ్ఛా' పాటకు ఈనాడు దేశమంతా పాడే వరస ఆయన ఆ రోజుల్లో కట్టిందే. బెంగాల్ కరువు కథతో ఇప్టా తీసిన 'ధర్తీ కే లాల్' (1946) చిత్రానికి సంగీతం ఆయనదే. ఋత్విక్ ఘటక్ తీసిన 'అజాంత్రిక్'కు అలీ అక్బర్, 'సువర్ణరేఖ'కు అల్లావుద్దీన్ తమ్ముడి కొడుకు బహదూర్ ఖాన్ సంగీతం సమకూర్చారు. ఘటక్ స్వయంగా 1963లో ఈ వృద్ధగురువు మీద ఒక లఘుచిత్రం తీశాడు. గురువుగారు ఏ పార్టీలోనూ లేరు, ఏ ప్రణాళికమీదా సంతకం చెయ్యలేదు. ఐనా ఆయన తెరిచిన తలుపులోంచి నడిచినవాళ్లలో కొందరు ప్రజలదగ్గరకు వచ్చారు.

1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జరిగిన సభలో రవిశంకర్, అలీ అక్బర్ కలిసి వాయించారు. ఏ నేల విడిచి వారి గురువు చిన్నతనంలో పారిపోయాడో ఆ నేలనుంచి తరిమివేయబడ్డ ప్రజలకోసం వాయించారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 6న అల్లావుద్దీన్ మైహర్‌లో మరణించారు. అప్పటికి పద్మవిభూషణ్ వచ్చింది. 1955లో తానే మైహర్‌లో సంగీత కళాశాల స్థాపించారు. సంస్థానం పోయి రాజ్యం ప్రజలదైన తర్వాత విద్యాలయంకూడా ప్రజలదే కావడం న్యాయం.

మరి ఆ అనాథ పిల్లలు? రవిశంకర్ పేరు, అలీ అక్బర్ పేరు ప్రపంచమంతా మోగింది. 1918లో వీధిలోంచి వచ్చి, జీవితమంతా బృందంలో వాయించి, తమ తర్వాతివాళ్లకు నేర్పి వెళ్లిపోయినవాళ్ల పేర్లు సంగీతచరిత్ర గ్రంథాల్లో వెదికినా కనబడవు. చరిత్ర రాసేవాళ్ల దృష్టి వేదిక మధ్యన కూర్చున్నవాడి మీదనే వుంటుంది. వాళ్లను బృందంగా తప్ప మనుషులుగా లెక్కించకపోవడం మన లోపం. సంగీతం నెత్తురులో లేదని నిరూపించినవాళ్లు రవిశంకర్, అలీ అక్బర్ కారు. ఒకరు కళాకారుల మధ్య పెరిగారు, ఒకరు ఉస్తాదు ఇంట పుట్టారు. నిరూపించింది ఆ పేరులేని పిల్లలు.

ఇంకా ముగియని కథ

అల్లావుద్దీన్ రోజూ నమాజు చేసేవారు. మైహర్ కొండమీది శారదాదేవికి భక్తుడు కూడా. ఈ రెండింటికీ పొత్తు కుదరదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవారు కాదు. మన పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే ఏ మతమని అడిగినవాళ్లెవరు? ప్రజల సంస్కృతి ఎప్పుడూ ఇలాగే కలగలిసి వుంది. విడగొట్టేవాళ్లు పైనుంచి వస్తారు.

బ్రాహ్మణబారియాలో ఆయన పేరిట వున్న సంగీతశాలను 2016 జనవరిలో ఒకసారి, 2021 మార్చిలో మరొకసారి అక్కడి మతోన్మాదులు తగలబెట్టారు. ఆయన వాడిన వాద్యాలు, ఉత్తరాలు బూడిదయ్యాయి. ఇటు మైహర్‌లో, ఆయన చేతులు జోడించిన ఆ శారదాదేవి ఆలయంలోనే, ముస్లిములు ఉద్యోగులుగా వుండరాదని మధ్యప్రదేశ్ ప్రభుత్వ శాఖ ఒకటి ఉత్తర్వు ఇచ్చినట్లు 2023లో పత్రికలు రాశాయి. పుట్టినవూరిలో ఒక మతంవాళ్లకు, పెరిగినవూరిలో ఒక మతంవాళ్లకు ఆయన పనికిరానివాడయ్యాడు. జహనారా తంబురాను కాల్చిన చెయ్యి ఏదో, ఈ చేతులూ అవే.

విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నేను చెప్పదలచింది ఇది. అల్లావుద్దీన్ ఖాన్‌ను ఋషిగా పూజించనక్కర్లేదు. ఆయన బెత్తాన్ని ఆయన కాలానికి వదిలేద్దాం. కాని కరువూ జబ్బూ వీధిలో పడేసిన పిల్లల్ని చూసి "వీళ్లకేం వస్తుంది" అని అడగకుండా, చేతికి వాద్యం ఇచ్చి కూర్చోబెట్టిన ఆ పని వుందే, అది మనది. రేపు మన తరగతిగదిలో చివరి బల్లమీద కూర్చున్న పిల్లవాణ్ని చూసినప్పుడు, వాడి ఇంటిపేరు అడిగేముందు, మైహర్ మాస్టారు ఆ పని ఒకసారి చేసి చూపించారని జ్ఞాపకం తెచ్చుకుందాం.